ఫిరంగిపురం గుడికి మెట్టసీమ పునాది

గుంటూరు నుంచి నరసరావుపేట పోయే దారిలో, కొండవీటి కొండల పంచన ఫిరంగిపురం అనే పెద్ద ఊరుంది. ఆ ఊరికి గుర్తు బాలయేసు దేవాలయం. మిల్‌హిల్ సంఘానికి చెందిన థియోడోర్ డిక్‌మన్ అనే గురువు 19వ శతాబ్దం చివరి దశకాల్లో దాన్ని కట్టించారు. కోస్తా జిల్లాల్లో పాత కతోలిక గుళ్ళ మాట వచ్చినప్పుడు ముందుగా చెప్పుకునే వాటిలో అదొకటి. దాని చరిత్ర ఎవరినడిగినా సాధారణంగా ఒకే వరసలో చెబుతారు: ఎక్కడో ఐరోపాలో పుట్టిన దొర వచ్చాడు, స్థలం సంపాదించాడు, గుడి లేపాడు, జనం చేరారు. ఈ వరసలో జనం ఆఖరున వస్తారు. నేను చెప్పబోయేది దీనికి తలకిందుల వరస. ముందు వచ్చింది జనం. వాళ్ళ వెంట వచ్చింది నమ్మకం. రాతి గుడీ, దాన్ని కట్టిన దొరా అన్నిటికన్నా వెనక వచ్చారు. పైగా ఆ తొలి జనంలో ముఖ్యమైన కొన్ని కుటుంబాలు కదిలింది మన అనంతపురం మెట్ట మీద నుంచి. సోమందేపల్లె, పెనుకొండ, ధర్మవరం, అనంతపురం ఉన్న ఈ ఎండిన నేలకూ, గుంటూరు నల్లరేగడికీ మధ్య దాదాపు రెండున్నర శతాబ్దాల చుట్టరికం ఒకటి ఉంది. కోస్తాలోని ఆ గుడి చరిత్రకు మొదటి అధ్యాయం రాయలసీమలో రాయాలన్నదే నా వాదన. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్టు కాకుండా, ఆధారాలు ఎంతవరకు నిలుస్తాయో, ఎక్కడ జారుతాయో రెండూ చూద్దాం.

కథ పాండిచ్చేరిలో మొదలవుతుంది. 1688లో సయాం దేశంలో రాజు మారి, కొత్త ఏలిక ఫ్రెంచివాళ్ళను వెళ్ళగొట్టాడు. అక్కడున్న ఫ్రెంచి యేసుసభ గురువుల్లో, అంటే జెస్యూట్లలో, కొందరు పాండిచ్చేరి చేరారు. మదురై వైపు వాళ్ళ సంఘానికే చెందిన పోర్చుగీసు గురువులు అప్పటికే పాతుకుపోయి ఉన్నారు. కాబట్టి వీళ్ళ చూపు ఉత్తరానికి, తెలుగు మాట్లాడే సీమకు తిరిగింది. 18వ శతాబ్దం తొలి సంవత్సరాల్లోనే ‘కర్ణాటక మిషన్’ అనే పేరుతో పని మొదలైంది. ఇక్కడ కర్ణాటకమంటే ఇప్పటి రాష్ట్రం అనుకోకూడదు. విజయనగర రాజుల ఏలుబడికి జనం పెట్టుకున్న పాత పేరు అది. పుంగనూరు తొలి మజిలీల్లో ఒకటి. ఆ తర్వాత చిక్కబళ్ళాపురం, కృష్ణాపురం, ధర్మవరం. ఎతియెన్ ల గాక్ అనే గురువు 1709లో చిక్కబళ్ళాపురం నుంచి, 1718లో మన కృష్ణాపురం నుంచి రాసిన ఉత్తరాలు ఫ్రాన్సులో అచ్చయ్యాయి. ఆయన తన ఉత్తరంలో ఊరిపేరును ‘చిన్నబళ్ళాపురం’ అనే తెలుగు రూపానికి దగ్గరగా రాసుకున్నాడు; ఆయన చెవిన పడింది మన పలుకే. ఈనాడు సోమందేపల్లె మీదుగా బెంగుళూరు పోయే 44వ నంబరు రహదారి ఆ చిక్కబళ్ళాపురాన్ని తగులుకునే పోతుంది. ఆ గురువులు కాషాయం కట్టారు, మాంసం ముట్టలేదు, సన్యాసుల్లా బతికారు. 1606లో మదురై చేరిన రాబర్టో నొబిలి వేసిన బాట అది. తాము ఫిరంగులం కామని, అంటే రేవుల్లో కనిపించే పోర్చుగీసువాళ్ళ బాపతు కామని, జనాన్ని నమ్మించడానికి ఆయన జీవితమంతా పాటుపడ్డాడు. అటువంటి మనిషి దారిలో నడిచినవాళ్ళ విశ్వాసం చివరికి ఫిరంగిపురం అనే పేరున్న ఊళ్ళోనే స్థిరపడటం చరిత్ర ఆడిన చిన్న పరాచికం.

అనంతపురం చుట్టుపక్కల ఆలమూరు, మద్దిగుబ్బ అనే ఊళ్ళలో రెడ్ల కుటుంబాలు కొన్ని ఈ గురువుల దగ్గర జ్ఞానస్నానం తీసుకున్నాయి. గుంటూరు కతోలిక కుటుంబాలు తరతరాలుగా చెప్పుకునే సంప్రదాయంలో ఈ రెండు పేర్లూ మళ్ళీ మళ్ళీ వినిపిస్తాయి. ఇక్కడే మొదటి ఆక్షేపణ ఎదురవుతుంది. ఆ రోజుల గురించి మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం మిషనరీల ఉత్తరాల్లోంచి వచ్చింది కదా, వాటిని ఎంతవరకు నమ్మాలి? ఆ ఉత్తరాలు 1702 నుంచి 1776 వరకు పారిస్‌లో 34 సంపుటాలుగా వెలువడ్డాయి. చదివేవాళ్ళ మనసు కరిగించి, చందాలు రాబట్టి, కొత్త గురువులను ఆకర్షించడానికే వాటిని అచ్చువేశారు. కనుక అద్భుతాలూ, మహిమలూ, ఊళ్ళకు ఊళ్ళే కదిలివచ్చాయనే మాటలూ ఉన్నచోట జాగ్రత్తగా ఉండాల్సిందే. అయితే ఆక్షేపణను ఎంత దూరం లాగాలి? ఒక సాక్షి తనకు లాభించే సంగతి చెబితే అనుమానిస్తాం, నష్టం తెచ్చే సంగతి చెబితే చెవి ఒగ్గుతాం. దాసరులతో తగాదాలు, పాళెగాళ్ళ చలచిత్తం, దొంగల భయం, వానల్లేని ఏళ్ళు, చేరినవాళ్ళు తక్కువ కావడం, చేరి జారిపోవడం: చందా అడిగేవాడికి ఇవి రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు. అయినా రాశారు. అలాంటి చోట్ల ఆ ఉత్తరాలు మతగ్రంథాలుగా కాక, మన సీమ రోజుపత్రాలుగా పనికొస్తాయి. ఈ జిల్లాలు కుంఫిణీ చేతికి వచ్చింది 1800లో. కలెక్టరు మన్రో పైమాయిషీ లెక్కలు ఆ తర్వాతవి. అంతకు వందేళ్ళ ముందు ఈ నేల మీద ఏం జరిగిందో ఊరి మధ్య కూర్చుని రాసిన సాక్షులు మనకు ఎందరున్నారు?

ఆ కాలం ఎటువంటిదో ఒకసారి గుర్తు చేసుకోవాలి. విజయనగరం 1565లో కూలాక రాజధాని పెనుకొండకు వచ్చింది. ఆ వైభవమూ 18వ శతాబ్దం నాటికి జ్ఞాపకమే. ఊరికొక కోట, కోటకొక పాళెగాడు. పైన సిరా నవాబు, ఆ పైన మరాఠా దండ్లు. శతాబ్దం నడుమ మురారిరావు ఘోర్పడే గుత్తి కోటలో కూర్చుని చుట్టూ ఉన్న సీమ నుంచి కప్పం వసూలు చేశాడు. 1776లో హైదరాలీ ఆయన్ని పట్టుకుని కోట తీసుకున్నాడు. ఇన్ని చేతులు మారే నేలలో రైతు ఎవరికి పన్ను కట్టాలో తెలిసేలోపు మరొకడు వచ్చి అడిగేవాడు. పైనుంచి వాన సంగతి మనకు వేరే చెప్పనక్కర్లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వర్షం, అదీ చెప్పిన నెలలో రాని వర్షం. ఈ రెండు ఒత్తిళ్ళ మధ్య, 18వ శతాబ్దంలోనే, ఆలమూరు మద్దిగుబ్బల కతోలిక రెడ్లు బండ్లు కట్టారు. నల్లమల దాటి కొండవీటి సీమలోకి, నల్లరేగడి మీదికి పోయారు. ఫిరంగిపురం, రెంటచింతల, ముట్లూరు, పాటిబండ్ల, రావిపాడు లాంటి ఊళ్ళు కతోలిక ఊళ్ళుగా గుంటూరు సీమలో పేరు తెచ్చుకోవడం వెనక ఈ వలసలున్నాయి. అన్ని ఊళ్ళకూ ఒకే బండ్ల వరస పోలేదు. కొందరు ముందు, కొందరు వెనక, మధ్యలో ఆగినవాళ్ళు కొందరు.

‘అది కడుపు కోసం పోయిన వలస కదా, దాన్ని గుడి చరిత్రలో ఎందుకు కలుపుతారు’ అని అడగవచ్చు. మతం కోసం హింసలు పడి తప్పించుకున్నారనే కథ వినడానికి బాగుంటుంది. కానీ వాళ్ళను కదిలించినవాటిలో కరువూ దండయాత్రలూ ముందుంటాయని నేను అనుకుంటాను. అదే కరువుకు, అవే దండ్లకు, ఏ గురువు దగ్గరికీ వెళ్ళని రైతులూ కదిలారు. వలసకు కారణం మతం కాకపోయినా, వలస జరిగిన తీరు మతానికి అక్కరకొచ్చింది. మన సీమ వలసల్లో ఒంటరి మనిషి పోడు. ఇంటిపేరు పోతుంది, వియ్యాలవారు పోతారు, మంగలి చాకలి వెంట నడుస్తారు. పోయినచోట పిల్లనిచ్చి పుచ్చుకోవాలంటే తమవాళ్ళే కావాలి. కొత్త ఊళ్ళో వీళ్ళు ఒకేసారి రెండు విధాల వేరైనవాళ్ళు: సీమ నుంచి వచ్చినవాళ్ళు, పైగా వేరే జపం చదివేవాళ్ళు. చుట్టూ ఉన్న రెడ్లతో పొత్తు కలవని ఆ వేరుతనం వాళ్ళను దగ్గరగా కట్టి ఉంచింది. పెళ్ళి సంబంధాల వల పటిష్ఠంగా ఉన్నచోట గురువు రాకపోయినా నమ్మకం నిలుస్తుంది. ఇది దేవుడి సంగతి తెలియనివాడు కూడా ఒప్పుకోగల కారణం.

గురువు రాకపోయినా అన్న మాట ఊరికే అనలేదు. 1761లో పాండిచ్చేరి ఇంగ్లీషువాళ్ళకు లొంగింది. 1764లో ఫ్రాన్సు రాజు తన రాజ్యంలో యేసుసభను రద్దు చేశాడు. 1773లో పోపు 14వ క్లెమెంటు సభనే ఎత్తివేశాడు. 1776లో పారిస్ విదేశ మిషన్ సంఘం పాండిచ్చేరి బాధ్యత తీసుకుంది గానీ, విప్లవంతో ఫ్రాన్సు అల్లకల్లోలమయ్యాక అక్కడి నుంచి మనుషులు రావడమే గగనమైంది. కృష్ణా, పెన్నా నడుమ ఉన్న కతోలిక ఇళ్ళకు దశాబ్దాల తరబడి దొరికిన గురువులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ మధ్యకాలంలోనే 1832, 33ల నాటి నందన కరువు, జనం ‘డొక్కల కరువు’ అని పిలుచుకున్నది, గుంటూరు జిల్లాను తుడిచిపెట్టింది. జనాభాలో మూడోవంతుకు దగ్గరగా పోయారని అంచనాలున్నాయి. ఇక్కడి కరువు తప్పించుకుని పోయినవాళ్ళ మనుమలు అక్కడ అంతకన్నా పెద్ద కరువులో చిక్కుకున్నారన్నమాట. మిల్‌హిల్ గురువులు మద్రాసు చేరింది 1875లో. యేసుసభ రద్దయినప్పటి నుంచి లెక్కపెడితే నూరేళ్ళు. ఆ నూరేళ్ళూ ఉపదేశి అనే తెలుగు మనిషి ఇంటి అరుగు మీద జపాలు చెప్పించాడు, పురిటిబిడ్డ ప్రాణం మీదికి వస్తే తానే నీళ్ళు పోశాడు, చచ్చినవాళ్ళకు సిలువ నాటాడు. డిక్‌మన్‌కు దొరికింది ఖాళీ స్థలం కాదు, ఎదురుచూస్తున్న గుంపు.

ఇదంతా కుటుంబ సంప్రదాయాల మీద కట్టిన మేడ అనేవాళ్ళు ఉంటారు. నిజమే, వంశకథలు తాతలను పెద్దచేసి చెబుతాయి; ప్రతి తాతా రాజుగారి పక్కన కూర్చున్నవాడే. అందుకే మరో రకం సాక్ష్యం చూడాలి. దాన్ని ఎవరూ కావాలని తయారుచేయలేదు, ఎవరి గొప్పకూ అది పనికిరాదు. అది మాటల సాక్ష్యం. తెలుగునాట కతోలికులూ ప్రొటెస్టంట్లూ పక్కపక్క వీధుల్లో ఉంటారు గానీ భాష వేరు. ప్రొటెస్టంటు బాప్తిస్మం అంటాడు, కతోలికుడు జ్ఞానస్నానం అంటాడు. ఒకరిది ప్రభురాత్రి భోజనం, మరొకరిది సత్ప్రసాదం. పాత కతోలిక జపాల్లో దేవుడు సర్వేశ్వరుడు. జ్ఞానస్నానం, సర్వేశ్వరుడు, సత్ప్రసాదం ఈ మూడూ తమిళ కతోలికుల నోట ఞానస్నానం, సర్వేసురన్, సర్ప్రసాదం అనే రూపాల్లో పలికేవే. సంస్కృత పదాలు తీసుకుని క్రైస్తవ అర్థాలకు వాడటం మదురైలో నొబిలి మొదలుపెట్టిన పని. ఇక పేర్లు చూడండి. గుంటూరు సీమ కతోలిక ఇళ్ళలో రాయప్ప ఉంటాడు, చిన్నప్ప ఉంటాడు, ఇన్నయ్య, ఇన్నారెడ్డి, శౌరయ్య, శౌరిరెడ్డి ఉంటారు. తమిళ కతోలికులకు పేతురు రాయప్పర్. పౌలు చిన్నప్పర్, పౌలుస్ అంటే లాటిన్లో చిన్నవాడని అర్థం కనుక. యోహాను అరుళప్పర్, దైవకృప అనే అర్థాన్ని తమిళంలోకి తెచ్చి. హైదరాబాదుకు 1971 నుంచి 2000 దాకా అగ్రపీఠాధిపతిగా ఉన్న సామినేని అరుళప్ప గారి పేరు అదే. ఇన్నయ్య, ఇన్నారెడ్డిల వెనక ఉన్న ఇన్నాసి అనేది ఇగ్నేషియస్, యేసుసభను స్థాపించిన మనిషి పేరు. శౌరి అనేది ఆ సభ మొదటి మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ పేరు. 1875లో వచ్చిన మిల్‌హిల్ గురువులు వేరే సంఘంవాళ్ళు. లండన్ పక్కన ఉన్న ఊరి నుంచి వచ్చి పేతురును రాయప్ప అని, ఇగ్నేషియస్‌ను ఇన్నాసి అని పిలవాల్సిన అవసరం వాళ్ళకు లేదు. ఈ పేర్లు వాళ్ళకన్నా ముందే అక్కడున్నాయి.

ఈ సాక్ష్యానికీ ఒక గట్టి ఎదురుమాట ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. గుంటూరు సీమ చాలాకాలం మద్రాసు పీఠం కింద ఉండింది. మద్రాసు నుంచి తమిళ ఉపదేశులు, తమిళ వంటవాళ్ళు, తమిళ జపపుస్తకాలు 19వ శతాబ్దంలోనే వచ్చి ఉండవచ్చు కదా? రాయప్ప, సత్ప్రసాదం రైలెక్కి వచ్చి ఉండవచ్చు కదా? వచ్చి ఉండవచ్చు. ఏ మాట ఎప్పుడొచ్చిందో ఒక్కొక్కదానికీ తేదీ వేయలేం. కానీ శౌరి దగ్గర ఆగి చూడండి. తమిళంలో అది సవరి, సవేరియార్. తెలుగులో అది శౌరి అయింది, అంటే కృష్ణుడి పేర్లలో ఒకటి అయి కూర్చుంది. పుస్తకం చూసి పెట్టుకున్న పేరు ఇలా మారదు. పక్కింటి వైష్ణవుల పేర్లు వింటూ పెరిగిన నోళ్ళలో, చాలాకాలం నలిగి, మారుతుంది. పైగా ఈ పేర్లు ఒక్కటే సాక్ష్యమైతే నేనూ నమ్మను. ఉత్తరాల్లో ఆలమూరు సీమ రెడ్లు, గుంటూరులో అదే ఊరిని తలచుకునే ఇళ్ళు, అదే కులం, దానిమీద యేసుసభ ముద్రపడిన పేర్లు: నాలుగు తాళ్ళు కలిపి పేనితే మోకు అవుతుంది, ఒక్కో తాడు విడిగా లాగితే తెగుతుంది. మద్రాసు ఉపదేశుల పాత్రను తోసిపుచ్చకుండానే, వాళ్ళు వచ్చేనాటికి ఆ జపాలను గుర్తుపట్టే చెవులు అక్కడ ఉన్నాయని చెప్పవచ్చు.

అయితే డిక్‌మన్ చేసినదేమీ లేదా? చాలా ఉంది. మట్టిగోడా గడ్డికప్పూ గుడికి చాలు అనుకునే అలవాటు నుంచి రాయీ సున్నం దాకా జనాన్ని నడిపించడం చిన్న పని కాదు. ఆ పని చేసిన కాలం కూడా చూడాలి. 1876–78 ధాత కరువు బళ్ళారి, కర్నూలు జిల్లాలనూ, అప్పటికింకా బళ్ళారి జిల్లాలోనే ఉన్న మన అనంతపురం సీమనూ పిండేసింది. నెల్లూరు, గుంటూరు సీమలనూ వదల్లేదు. 1878 జులైలో ఒంగోలు బాప్టిస్టు మిషన్ ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి ప్రపంచమంతా చెప్పుకుంది. ఆ ఉధృతిలో ఫిరంగిపురం గుడిని కూడా కరువు క్రైస్తవం ఖాతాలో వేయడం తేలిక. కానీ అక్కడి తొలి కుటుంబాల క్రైస్తవం ఆ కరువుకు నూటయాభై ఏళ్ళ ముందుది, అదీ అన్నం పెట్టగల దొరతనం వెనక లేని సన్యాసుల దగ్గర తీసుకున్నది. కుంఫిణీ గుంటూరు సర్కారును చేతిలోకి తీసుకున్నదే 1788లో. ఇక్కడే మరో ముచ్చట: గుంతకల్లు నుంచి నంద్యాల, మార్కాపురం, నరసరావుపేటల మీదుగా గుంటూరు పోయే రైలుదారి కూడా డిక్‌మన్ కాలంలోనే, 1880ల చివర పడింది. అది ఫిరంగిపురంలో ఆగుతుంది. ముత్తాతలు ఎడ్లబండ్ల మీద నెలల తరబడి చేసిన ప్రయాణాన్ని రైలు ఒక రాత్రికి కుదించింది.

ఊరి పేరు చూసి అంతా పరాయిదనుకోవడం మరొక పొరపాటు. ఫిరంగి అంటే తోపు అని కొందరు, తెల్లవాడని కొందరు అర్థం చెబుతారు. ఏదైనా ఆ పేరు వెనక ఐరోపా ఉందని తోస్తుంది. కానీ ఆ ఊళ్ళో 1409 నాటి శాసనం ఒకటి ఉంది. కొండవీటి రాజు పెదకోమటి వేమారెడ్డి భార్య సూరాంబ సంతానసాగరం అనే చెరువు తవ్వించిన సంగతి అందులో ఉంది. దాన్ని రచించింది శ్రీనాథుడు. మన సీమ నుంచి నీళ్ళు వెతుక్కుంటూ పోయిన రైతులకు ఆ ప్రాంతం ఎందుకు నచ్చిందో చెప్పడానికి ఇంతకన్నా వివరణ అక్కర్లేదు. రెడ్డిరాణి తవ్వించిన చెరువూ, రెడ్ల కొండవీడూ, ఆ పక్కనే రెడ్ల కతోలిక గుడీ. దీంట్లో పరాయితనం ఎక్కడుందో వెతకాలి.

రెడ్లు అన్న మాట ఇన్నిసార్లు వచ్చాక, అన్నిటికన్నా బరువైన ఆక్షేపణకు జవాబు చెప్పక తప్పదు. ఇవాళ తెలుగు కతోలికుల్లో అత్యధికులు మాలలు, మాదిగలు. వాళ్ళ పూర్వీకులు ఎక్కువమంది 19, 20 శతాబ్దాల్లో, ఉన్న ఊళ్ళలోనే చేరారు. ఆలమూరు నుంచి బండి కట్టిన కథ వాళ్ళది కాదు. మరి ఈ కథను గుడి కథగా చెప్పడం ఒక కులం పెత్తనానికి పునాది వేయడం కాదా? ఈ ప్రశ్నలో సగానికి నేను తల వంచుతాను. నొబిలి పద్ధతి సన్యాసి వేషంతో పాటు కులపు గోడనూ లోపలికి తెచ్చింది. 1704లో పోపు ప్రతినిధి తూర్నో పాండిచ్చేరిలో ఇచ్చిన ఉత్తర్వు, 1744లో 14వ బెనెడిక్టు పోపు ఇచ్చిన తీర్పు, రెండూ ఈ ఆచారాల తగాదా మీదివే. అంటరానివాళ్ళుగా చూసిన జనం దగ్గరికి వేరే గురువులను పంపాల్సి వచ్చిందంటే ఆ గోడ ఎంత ఎత్తో ఊహించుకోవచ్చు. వలసపోయిన రెడ్ల బండ్లలో ఆ గోడ రాళ్ళు కూడా వెళ్ళాయి. అందుకే నేను మొదటి అధ్యాయం అన్నాను, మొత్తం పుస్తకం అనలేదు. ముందొచ్చినవాడికి గుళ్ళో ముందు వరస హక్కుగా దక్కాలని ఏ చరిత్రా చెప్పదు. ఇంకొక సంగతి కూడా గమనించాలి. అనంతపురం సీమ ఇప్పుడు 1967లో ఏర్పడిన కర్నూలు మేత్రాసనం, అంటే బిషప్పు పరిధి, కింద ఉంది. ఆ కర్నూలుకు 2008లో మేత్రాణులైన పూల ఆంథోనీ కర్నూలు సీమలోని పోలూరులో పుట్టిన దళితుడు. 2022 ఆగస్టులో ఆయన కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్ళలో మొదటివారు, దళితుల్లోనూ మొదటివారు. రాయలసీమకు ఈ చరిత్రలో చోటు అడగడమంటే రెడ్లకు చోటు అడగడమే అనుకునేవాళ్ళు ఆ పేరును పక్కన పెట్టుకుని ఆలోచించాలి.

సీమ ఇచ్చినదాన్ని కోస్తానే కాదు, ఐరోపా కూడా సరిగా లెక్కలో వేయలేదు. గాస్తోఁ కూర్దూ అనే గురువు 1732లో వచ్చి ఈ తెలుగు సీమలో పనిచేశాడు. తెలుగు, సంస్కృతం నేర్చి నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికీ, లాటిన్, గ్రీకు భాషలకూ చుట్టరికం ఉందని 1767లో పారిస్ పండితులకు రాశాడు. విలియం జోన్స్ అదే మాట కలకత్తాలో చెప్పింది 1786లో. పేరు ఆయనకు దక్కింది. కూర్దూ రాసిన మన ఆచార వ్యవహారాల గ్రంథం తర్వాతి తరం గురువు ద్యుబ్వా పేరుతో చలామణీ అయిందని 1987లో సిల్వియా మూర్ అనే పరిశోధకురాలు బయటపెట్టింది. ఇక కూర్దూకు అక్షరాలు దిద్దించిన తెలుగు పంతులు ఎవరో ఏ పుస్తకమూ చెప్పదు. పేర్లు జారిపోవడం ఈ కథలో కొత్త కాదు.

ఫిరంగిపురం చేరిన బండ్లు అక్కడే విప్పెయ్యలేదు. 1940లో గుంటూరు వేరే మేత్రాసనం అయింది. దాని మొదటి మేత్రాణులు పొతకమూరి తోమాస్ రావిపాడులో పుట్టినవారు. రెండేళ్ళకే ఆయన్ని బెంగుళూరుకు మార్చారు, అంటే సీమకు అవతలి అంచుకు. అదే శతాబ్దంలో గుంటూరు కతోలిక రైతులు కొందరు చవక భూములు వెతుక్కుంటూ వరంగల్లు, నిజామాబాదుల వైపు సాగారు. ఆలమూరు సంప్రదాయం చెప్పే ఇంటిపేర్లలో తుమ్మవారిది ముందుంటుంది. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన వంశం ఒకటే అనలేం గానీ, వరంగల్లు సీమలో పుట్టి, 2011 నుంచి 2020 దాకా హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా ఉన్నవారి పేరు తుమ్మ బాల. ఇంటిపేరులో ఆలమూరు, పెట్టుకున్న పేరులో ఫిరంగిపురం బాలయేసు.